మీటరు దాటాక

తన్మయి పప్పులోకి తాలింపు వేస్తూ చనిపోయింది. నేను రాయాల్సిన అధ్యాయం ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయి ఉంది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో ఇప్పుడు సిడ్నీ హారిస్ పార్క్‌లో తెలియని తెలుగువాళ్ళు లేరు. కిందటి చలికాలం. ఫ్లాటు హాల్లో పాతకాలపు గ్యాస్ హీటర్ వెలుగుతోంది. వంటింట్లో పొయ్యి మీది ఫ్యాన్ పెద్ద స్పీడులో తిరుగుతోంది. పోపు వాసనకి పై అంతస్తువాళ్ళు గొడవ పెడతారని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపలి గాలిని ఫ్యాన్ బయటికి లాగేస్తోంది, బదులుగా లోపలికి రావడానికి గాలికి దారి లేదు. దాంతో గొట్టంలోంచి పైకి పోవాల్సిన హీటరు పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే దిగింది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఉపేంద్ర ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి పప్పు మాడి గిన్నెకి అంటుకుపోయి ఉంది. వంటింటి గడప దగ్గర భార్య పడి ఉంది.

అలాంటి హీటరున్న ఇళ్ళలో హాలు గోడకి రెండు కన్నాలు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి, సిమెంటు చట్రం బిగించి. ఇక్కడ వాటిని వెంట్ అంటారు. గాలి వచ్చేది వాటిలోంచే. ఆ ఫ్లాటులో రెండు వెంట్లూ మూసేసి ఉన్నాయి. ఎవరు మూశారన్నది బుధవారం కరొనర్ ముందుకి వస్తుంది. ఇలాంటి చావులకి కారణం తేల్చే న్యాయాధికారి ఆయన.

నేను విశాఖపట్నంలో లా చదివాను. పెళ్ళి చేసుకుని ఆదర్శ్ వెంట సిడ్నీ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. నా డిగ్రీతో ఇక్కడ నల్లకోటు వేసుకోవడం కుదరదు కాబట్టి పారమట్టాలో వసంతగారి ఉచిత న్యాయ కేంద్రంలో రీసెర్చి పని చేస్తున్నాను. ఉపేంద్ర తరఫున కరొనర్‌కి నివేదిక ఇచ్చేది వసంతగారే. అయితే ఆ ఫ్లాటు యజమానులు మా ఆదర్శ్ పెద్దమ్మా, పెదనాన్నా. అందుకని వసంతగారు నన్ను సాక్ష్యాల జోలికి రానివ్వలేదు. చరిత్ర మాత్రం నాకు అప్పగించారు. ఈ రాష్ట్రంలో గ్యాస్ కంపెనీల మీద వచ్చిన చట్టాలన్నీ మొదటినుంచీ చదవమన్నారు. కంపెనీ మనిషి ఇంటి లోపలికి వచ్చి పొయ్యి ఎలా మండుతోందో చూసి వెళ్ళాలని ఎక్కడైనా రాసి ఉందేమో వెతకమన్నారు.

ఇంతలో గురువారం నాడు ఉపేంద్ర కేంద్రం మెట్ల మీద నన్ను ఆపి ఒక మాట అన్నాడు. బుధవారం ఆ వెంట్లు తానే మూశానని చెప్పేస్తాడట. మీరు మూశారా అని అడిగాను. లేదన్నాడు. అవి ఉన్నాయని కూడా తనకి తెలీదన్నాడు. "నేను కాదంటే తన్మయే మూసిందంటారండీ. చేజేతులా చేసుకుందని రాజమండ్రిలో వాళ్ళమ్మగారు జీవితాంతం వినాలి. నేనే మూశానంటే ఆ మాట నాతో పోతుంది." ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. నేను ఎవరికీ చెప్పలేదు, ఆదర్శ్‌కి తప్ప. విన్నాక ఆదర్శ్ లేచి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాడు.

ఇదీ ఆదివారం పొద్దున మేము కారెక్కేటప్పటి పరిస్థితి.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇన్ని తలలో ఉన్నా ఆ పొద్దున నాకు సంతోషంగానే ఉంది. కొత్త జంటని బంధువులు ఒక్కొక్కరూ భోజనానికి పిలిచి బట్టలు పెట్టే ముచ్చట మాకు సముద్రాలు దాటినా తప్పలేదు. ఆదర్శ్ వాళ్ళ పెద్దమ్మ చాముండేశ్వరి గారు మూడుసార్లు వాయిదా వేసి చివరికి ఈ ఆదివారం రమ్మన్నారు. నేను మామిడిపిందెల అంచున్న చీర కట్టుకున్నాను. కుచ్చిళ్ళు కింద కూర్చుని సర్దింది ఆదర్శే. ఆ పని తనకి రాదు, అయినా పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా చేశాడు. దారిలో ఎర్రలైటు పడ్డచోటల్లా కమలాపండు తొనలు ఒలిచి నా చేతిలో పెట్టాడు. బ్లాక్‌టౌన్ దాటాక రోడ్డు పక్కన వాటిల్ చెట్లు పసుపు ముద్దల్లా పూసి ఉన్నాయి. ఎవరో కొమ్మలకి పసుపు రాసి ఎండబెట్టినట్టుందన్నాను. ఆదర్శ్ నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు నిలవలేదు.

ఈమధ్య అతని నవ్వులన్నీ అలాగే ఉంటున్నాయి. పోయిన నెల ఒకరోజు చిన్న తెల్లటి డబ్బా ఒకటి కొనుక్కొచ్చి మా మంచం పైన గోడకి బిగించాడు. గదిలో విషవాయువు చేరితే అరిచే అలారం. మాది కరెంటు పొయ్యి, ఇంట్లో గ్యాస్ కనెక్షనే లేదు. నామీద ఇంత ప్రేమా అని నేను మురిసిపోయి మా చెల్లెలికి ఫొటో తీసి పంపాను.

ద పాండ్స్ అనే పేటలో పెద్దమ్మగారి ఇల్లు విశాలంగా, వెలుతురుగా ఉంటుంది. ఆదర్శ్ ఇక్కడ యూనివర్సిటీలో చదువుకున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. చాముండేశ్వరి గారు అతన్ని ఒక్కరోజు కూడా హాస్టల్ తిండి తిననివ్వలేదట. నాకు వరసకి పెద్దత్తయ్యగారు. ఆవిడ భర్త కేశవరావు గారు గ్యాస్ పంపిణీ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పెద్దమావయ్యగారంటే నాకు మొదటినుంచీ ఇష్టం. నేను రాస్తున్న చరిత్ర పట్ల మా బంధువుల్లో ఆవులించకుండా వినేది ఆయనొక్కరే.

భోజనం దగ్గర ఆయనే ఆ కబురు ఎత్తారు. మొదట్లో ఒక్కో కంపెనీకీ శాసనసభ ఒక్కో ప్రత్యేక చట్టం చేసి ఇచ్చేదని, రోడ్లు తవ్వుకోవడానికి ఆ చట్టమే అనుమతి అని, దానికి బదులుగా పైపుకి దగ్గర్లో ఇల్లున్నవాడు ఎవడడిగినా గ్యాస్ ఇవ్వాల్సిందేనని, పప్పుచారు కలుపుకుంటూ కథలా చెప్పారు. 1912లో వచ్చిన చట్టంలో ఒక మెలిక ఉంది. కంపెనీ జనానికి ధర తగ్గిస్తేనే వాటాదారులు లాభం పెంచుకోవచ్చు. అది నాకు చాలా నచ్చిందని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. గ్యాస్ దీపం వెలుగుని కొవ్వొత్తుల లెక్కన కొలిచేవారని నేను చెబితే, ఆ కొలిచే గది నల్లరంగు వేసి ఉండేదని ఆయన చెప్పారు. గురువుకీ శిష్యురాలికీ మధ్య నడిచినట్టు నడిచింది కాసేపు. చాముండేశ్వరి గారు అరిటికాయ వేపుడు వడ్డిస్తూ, ఈ ఇంట్లో గ్యాస్ పురాణం వినకుండా లేచినవాళ్ళు లేరన్నారు. అందరం నవ్వాం. ఆదర్శ్ నవ్వలేదు.

నేను అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. కానీ గురువారం నుంచి ఉపేంద్ర మొహం నా కళ్ళ ముందే ఉంది.

చట్టం ఇన్ని అడిగింది కదా అన్నాను. వెలుగెంత, వేడెంత, పైపులో ఒత్తిడెంత, గంధకం ఉందా లేదా. ఆ రోజుల్లో బొగ్గు కాల్చి తీసిన గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ నేరుగానే ఉండేది కదా, అది ఎంత ఉందని మాత్రం ఇన్నేళ్ళ పాటు ఎందుకు అడగలేదు?

పెద్దమావయ్యగారు ఆ ప్రశ్నకి నొచ్చుకోలేదు. "చూడమ్మా సింధుజా, చట్టానికి ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి. వీధిలో పైపు మాది, మీటరు మాది. మీటరు దాటాక ఇంటివాళ్ళది. నా సర్వీసంతా ఆ గీత దగ్గరే నించున్నాను."

"ఒకసారి దాటారు కదండీ" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. బొగ్గు గ్యాస్ పోయి భూమిలోంచి తీసే సహజవాయువు వచ్చినప్పటి సంగతి. కొత్త గ్యాస్‌కి పాత పొయ్యిలు పనికిరావు. కంపెనీ మనుషులు వీధి వీధీ తిరిగి, ప్రతి ఇంట్లోకీ వెళ్ళి, ప్రతి పొయ్యీ హీటరూ విప్పి మార్చి బిగించారు. ఇంతవరకు నేను చదివిన చరిత్ర మొత్తంలో కంపెనీ ప్రతి గడపా దాటింది ఆ ఒక్కసారే. అది తను ఈ దేశం రాకముందు జరిగిందని చెప్పి, ఆ తర్వాత అందరూ నిశ్చింతగా పడుకున్నారన్నారు ఆయన. కొత్త గ్యాస్‌లో విషం లేదు. "పొయ్యి సరిగ్గా మండక ఇంట్లో పుట్టే విషం వేరు. అది కంపెనీ అమ్మింది కాదు."

"అయితే మీటరు దాటాక ఇంటివాళ్ళంటే ఎవరండీ? అద్దెకున్నవాళ్ళా, యజమానా?"

పెద్దత్తయ్యగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మీగడ పెరుగు తెస్తానని చెప్పి వెళ్ళలేదు.

కేశవరావు గారు మంచినీళ్ళు తాగి గ్లాసు నెమ్మదిగా కింద పెట్టారు. తాళాలు ఇచ్చిననాడు ఆ ఫ్లాటు సక్రమంగా ఉందని, కరొనర్‌కి ఇచ్చిన స్టేట్‌మెంటులో అదే రాశానని అన్నారు. ఆ తర్వాత వాళ్ళేం చేసుకున్నారో తనకెలా తెలుస్తుంది? "మనవాళ్ళ సంగతి నీకు తెలీదా. పోపు వాసన బయటికి పోకూడదని కనపడ్డ కన్నమల్లా మూస్తారు. ఆ అమ్మాయి పగలంతా ఇంట్లోనే ఉండేది. ఆ అమ్మాయే మూసి ఉంటుంది."

ఆదర్శ్ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. అతను నావైపు చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు.

భోజనాలయ్యాక పెద్దత్తయ్యగారు నన్ను బొట్టు పెట్టడానికి లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. మంచం మీద ఇత్తడి పళ్ళెంలో చీర, జాకెట్టు గుడ్డ, పళ్ళు, పసుపు కుంకుమలు సర్ది ఉన్నాయి. నెమలికంఠం రంగు ఉప్పాడ చీర. ఎంత మెత్తగా ఉందంటే ఆ కాసేపు అన్నీ మరిచిపోయి అంచు వేళ్ళతో నిమిరాను. ఆవిడ తలుపు దగ్గరికి వేశారు.

"ఆ చరిత్ర ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగారు.

సహజవాయువు దాకా వచ్చానని చెప్పాను.

"ఇవాళ్టి దాకా రాయాలి కదా?"

"రాయాలండీ."

ఆవిడ కుంకుమలో వేలు ముంచి నా నుదుటి మీద పెట్టారు. వేలు అక్కడే ఉంచి అన్నారు. "అప్పుడు నీ మొగుడి పేరు కూడా రాయాల్సొస్తుంది. పై వెంట్ మూసింది ఆదర్శే."

ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మంచం అంచున కూలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మొత్తం చెప్పారు. ఉపేంద్ర వాళ్ళకంటే ముందు నెల్లూరు వాళ్ళు ఆ ఫ్లాటులో ఉండేవారు. చేపల పులుసు వాసన ఆ కన్నంలోంచి తన పడగ్గదిలోకి వస్తోందని పై అంతస్తు ఆవిడ బిల్డింగు కమిటీకి మెయిల్ మీద మెయిల్ పెట్టింది. నెల్లూరు వాళ్ళు విసిగి ఖాళీ చేశారు. ఇంటికి రంగులు వేయించే టైములో పెద్దత్తయ్యగారు ఆదర్శ్‌ని పిలిచి ఆ కన్నం కాస్త మూసెయ్యమన్నారు. పాతకాలపు గోడలు చెమ్మ పట్టకుండా అలాంటివి పెడతారని ఆవిడ అనుకున్నారు. హీటరుకీ దానికీ సంబంధం ఉందని ఆవిడకి తెలీదు. ఆదర్శ్‌కీ తెలీదు. భర్తని అడిగితే అరగంట రూల్సు చదువుతారని ఆయనతో అనలేదు.

"ఎంత శుభ్రంగా చేశాడో" అన్నారు. "ప్లాస్టరు పూసి, గరుకు కాగితంతో రుద్ది, గోడ రంగే వేశాడు. అక్కడ కన్నం ఉండేదంటే నాకే నమ్మబుద్ధి కాలేదు."

గురువారం ఉపేంద్ర తన ఫోన్లో చూపించిన ఫొటో గుర్తొచ్చింది. పై వెంట్ నున్నగా గోడలో కలిసిపోయి ఉంది. కిందది సోఫా వెనక, దాని మీద చెక్కముక్క పెట్టి నాలుగు మూలలా మేకులు కొట్టి ఉంది. చీర కుచ్చిళ్ళు సర్దినంత శ్రద్ధ పై దాంట్లోనే ఉంది. మంచం పైన బిగించిన ఆ తెల్ల డబ్బా కూడా అప్పుడే అర్థమైంది నాకు. చెల్లెలికి పంపిన ఫొటో కింద ఏం రాశానో తల్చుకుంటే చెవులు కాలిపోయాయి.

ఆదర్శ్‌కి ఎప్పుడు తెలిసిందని అడిగాను. తన్మయి పోయాక, వెంట్లు మూసి ఉన్నాయన్న వార్త వచ్చిననాడు తెలిసిందన్నారు. ఆ రోజు ఫోన్ చేసి ఒక్క మాట కూడా మాట్లాడలేదట, లైన్లో ఏడ్చాడట. అప్పటికి మా పెళ్ళి కుదిరి ఉంది.

"తెలిసి చేసినవాళ్ళం కాదమ్మా. వాణ్ణి నేను చెయ్యమన్నాను, నామాట కాదనలేక చేశాడు. ఇప్పుడు చెబితే వాడి బతుకేమవుతుంది? నీ బతుకేమవుతుంది? పోయిన పిల్ల ఎలాగూ రాదు." ఆవిడ పళ్ళెం ఎత్తి నా చేతుల్లో పెట్టారు. "మీ పెద్దమావయ్యగారికి కూడా తెలీదు. ఆయన ఆ స్టేట్‌మెంటు నిజమనుకునే రాశారు. ఆయన్ని చూడు, నా మొహం చూడు. ఆ రాత ఏదో మీటరు దగ్గరే ఆపెయ్యి."

వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. పెట్టకుండా ఉండలేకపోయాను, అలవాటు అలాంటిది.

ఉపేంద్ర అబద్ధం చెప్పబోతున్నాడని ఆవిడకి తెలీదు. ఆదర్శ్‌కి తెలుసు. గురువారం నుంచి తెలుసు. ఆ అబద్ధంతో తను బయటపడతాడని అతను లెక్కేసుకున్నాడా? ఇంతమంది తెలియక చేసిన పనుల్లో తెలిసి చేసేది అదొక్కటే అవుతుంది. నా మొగుడు అలాంటివాడా కాదా అన్నది నాకు ఆ ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టకముందే తెలియాలి. కార్లో, రోడ్డు మీద కళ్ళు పెట్టి అతను చెప్పే జవాబు నాకు అక్కర్లేదు.

హాల్లో పెద్దమావయ్యగారు జామకాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుతున్నారు. ఆదర్శ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్దవాళ్ళ ముందు నేను అతన్ని పేరుపెట్టి పిలవను. ఏవండీ అంటాను, మా ఇద్దరికీ అదొక ఆట. ఇవాళ పేరు పెట్టి పిలిచాను.

"ఆదర్శ్, పై వెంట్ మూసింది నువ్వేనా?"

పెద్దత్తయ్యగారు నా వెనకే వస్తూ ఆగిపోయారు. సింధుజా అన్నారు.

ఆదర్శ్ ఇటు తిరిగాడు. ఎన్నాళ్ళ తర్వాతో నా కళ్ళలోకి చూశాడు. నాకు విచిత్రంగా ఊరట కలిగింది. భయపడుతున్న మనిషిలా లేడు, బరువు దించుకోవడానికి చోటు కనిపించిన మనిషిలా ఉన్నాడు.

"అవును" అన్నాడు. "మంగళవారం కరొనర్ ఆఫీసుకి వెళ్ళి చెబుదామనుకున్నాను, ఉపేంద్ర నోరు తెరవకముందే. నీకు ఎలా చెప్పాలో తెలీక ఈ మూడు రోజులూ..."

నమ్మాను. నమ్మడానికి నా దగ్గర రుజువు లేదు, అయినా నమ్మాను. చేతిలో పళ్ళెంలోని పళ్ళు దొర్లకుండా గడ్డంతో అదిమి పట్టుకున్నాను.

కేశవరావు గారు జామకాయ ముక్క పళ్ళెంలోనే వదిలేశారు. "ఏ వెంట్?" అని అడిగారు.

"పైది, పెదనాన్నా."

"పైది నువ్వు మూశావా? ఎప్పుడు?"

నెల్లూరు వాళ్ళు ఖాళీ చేశాక, రంగులు వేసేటప్పుడని ఆదర్శ్ చెప్పాడు. పెద్దమావయ్యగారు భార్యవైపు తిరిగారు. ఆవిడ తల దించుకున్నారు. నాకెందుకు చెప్పలేదని అడిగారు ఆయన. కేకలేస్తారనుకున్నాను గానీ గొంతు సగానికి పడిపోయింది. చెబితే ఒప్పుకుంటారా అని ఆవిడ గొణిగారు. ఒప్పుకోను అన్నారాయన. ఆ మాట అన్నాక కళ్ళజోడు తీసి, అద్దాలు తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒక్క పైదే మూశాను" అన్నాడు ఆదర్శ్. "కిందది తెరిచే ఉంది. చెయ్యి పెట్టి చూశాను, చల్లటి గాలి తగిలింది. ఒకటుంది కదా, చాలుతుందిలే అనుకున్నాను."

"ఒకటుంది కదా, చాలుతుందిలే" అని పెద్దమావయ్యగారు ఆ మాటే మెల్లగా తిరిగి అన్నారు. ఆదర్శ్‌ని ఎగతాళి చేస్తున్నట్టు లేదు. ఆ మాట ఇంతకుముందే ఎక్కడో విన్న మనిషిలా అన్నారు. చట్టం రెండు ఎందుకు ఉండాలంటుందో ఆయన ఇప్పుడు చెబుతారేమోననుకున్నాను. ఏ ప్రశ్నకైనా పాఠం చెప్పగల మనిషి. ఏమీ చెప్పలేదు. కిందది ఎవరు మూశారని కూడా అడగలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. సోఫా పక్క బల్ల మీద ఉంది. రెండు చేతుల్లో పళ్ళెం ఉండటంతో చిటికెనవేలితో స్పీకరు నొక్కాను.

"సింధుజ గారూ, సారీ అండీ, సండే డిస్టర్బ్ చేస్తున్నాను." ఉపేంద్ర. "తన్మయి వాళ్ళమ్మగారు వీడియో కాల్‌కి వెయిట్ చేస్తున్నారు. ఎవరో చెబితే వినేకంటే ముందు నా నోటితో వింటే బెటర్ కదండీ. వెంట్స్ మూసింది నేనేనని ఇప్పుడే చెప్పేద్దామనుకుంటున్నాను. కానీ మాట బయటికి వస్తుందో రాదో అని, ముందు మీ దగ్గర ఒకసారి అని చూసుకుందామని..."

ఒక తల్లికి ఆ మాట ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఏ కరొనరూ ఆ తర్వాత సరిదిద్దలేడు. వద్దండీ, ఆ కాల్ చెయ్యకండి అని నేను అంటుండగానే ఆదర్శ్ వచ్చి ఫోన్ అందుకున్నాడు. పెద్దత్తయ్యగారు అతని మణికట్టు పట్టుకున్నారు. అతను విడిపించుకోలేదు. ఆవిడ చెయ్యి అలా ఉండగానే మాట్లాడాడు.

"ఉపేంద్ర గారూ, నేను ఆదర్శ్‌ని. ఆవిడకి అలా చెప్పకండి. పై వెంట్ మూసింది నేను. మీరు ఆ ఇంట్లోకి రాకముందే మూశాను. మీకు తెలీదు, తన్మయి గారికీ తెలీదు. కావాలంటే ఇప్పుడే వస్తాను, మీ ఎదురుగానే ఆవిడకి చెబుతాను."

తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. పెద్దత్తయ్యగారి చెయ్యి జారి పక్కకి పడిపోయింది.

"మీరా" అన్నాడు చివరికి ఉపేంద్ర. "నేను రోజూ అనేవాణ్ణండీ, కిటికీలు తియ్యకు, తియ్యకు అని. నేనన్నందుకే అనుకున్నాను ఇన్నాళ్ళూ." ఇంకాసేపటికి అతని గొంతు మారింది. మొద్దుబారిన మనిషి మెల్లగా తెలివిలోకి వస్తున్నట్టు అడిగాడు. "మరి కిందది?"

"కిందది నేను కాదండీ."

"నేనూ కాదు. తన్మయీ కాదు. ఆ సోఫా మాది కాదు, మేం దిగేటప్పటికే అక్కడ ఉంది. దాన్ని మేం ఎప్పుడూ జరపలేదు. మరి కిందది ఎవరు మూశారండీ?"

ఆదర్శ్ నావైపు చూశాడు. నేను పెద్దత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు, నాకు తెలీదన్నట్టు, నిజంగానే తెలీదన్నట్టు. ఆ తర్వాత ముగ్గురం ఒకేసారి కుర్చీ వైపు తిరిగాం.

కేశవరావు గారు లేచి నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో తెలీదు. వేళ్ళకి అంటిన ఉప్పూకారం పంచెకి తుడుచుకున్నారు, చేతులు కడుక్కోవడానికి కూడా వ్యవధి లేనట్టు.

"ఏవండీ" అన్నారు పెద్దత్తయ్యగారు.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. ఆదర్శ్ ఎదుటికి వచ్చి చెయ్యి చాచారు.

"ఫోన్ ఇలా ఇవ్వరా. ఆ జవాబు నేను చెప్పాలి."